షావెల్ కింద బావ బండి

మొదటి మీటింగుకు ఆరుగురం వచ్చాం. ఢిల్లీ నుంచి వచ్చిన మేడమ్, జిల్లా ఆసుపత్రిలో మానసిక రోగులకు కౌన్సెలింగ్ చేసే ఆయన, ఇద్దరు ఆశా కార్యకర్తలు, నేను, మా బావ. ఉన్న వస్తువులు: ఒక ప్రొజెక్టరు, తెర బదులు కట్టిన తెల్ల దుప్పటి, పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను, సమోసాల అట్టపెట్టె, నాలుగు భాషల్లో అచ్చుకు వెళ్లాల్సిన పోస్టర్ల నమూనాలు. స్థలం చంద్రపూర్ బాబుపేట్‌లో ఒక కిరాణా దుకాణం మీది హాలు. పుట్టినరోజులకూ చిట్టీ పాటలకూ దాన్ని అద్దెకిస్తారు.

కుర్చీలు టెంపోలో తెచ్చింది బావే. దించి వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. చివరి వరసలో కూర్చుని సమోసా తిన్నాడు.

బావ మా అక్క భర్త. పద్మాపూర్ వైపు ఒక ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ ఆపరేటరు. నేను మెకానికల్ డిప్లొమా చేసి అదే గని వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా ఉన్నాను. మా నాన్న, బావ తండ్రి ఇద్దరూ మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో మరాఠీ చదివాం. నాకు మాత్రం అమ్మ పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్పింది. ఆ హాల్లో తెలుగు రాయగలిగింది నేనొక్కడినే. నన్ను పిలిచింది అందుకే.

ప్రచారం దేశమంతటికీ. మానసిక జబ్బు వచ్చిన మనిషిని చిన్నచూపు చూడొద్దని చెప్పడం దాని పని. ముందు కొన్ని ఊళ్లలో పరీక్షించి, నిలిచినదాన్ని మిగతా దేశానికి పంపాలని ఢిల్లీ వాళ్ల ఆలోచన. మా ఊరిని ఎంచుకోవడానికి మేడమ్ రెండు కారణాలు చెప్పింది. ఒకటి, ఇక్కడ ఒకే గని గేటు ముందు మరాఠీ, హిందీ, తెలుగు, గోండీ నాలుగూ వినబడతాయి. రెండు, గనుల పునర్వ్యవస్థీకరణ. ఆ ఏళ్లలో రెండు సబ్ ఏరియాలను కలిపి ఒకటి చేస్తున్నారు. ఆఫీసులు కలిశాయి, స్టోర్లు కలిశాయి, బండ్ల వరసలు కలిశాయి. మనుషులు ఎక్కువయ్యారు, సీట్లు తగ్గాయి. ఆపరేటర్లంతా మళ్లీ మెడికల్ బోర్డు ముందుకు రావాలన్నారు. ఫిట్ అని తేలితే సీటు ఉంటుంది, లేకపోతే గని పైన జనరల్ మజ్దూర్‌గా కూలి పని. ఇలాంటి కాలంలోనే జనం జబ్బులు దాచుకుంటారని మేడమ్ అంది.

ఆమె ఆ మాట అన్నప్పుడు నేను వెనక్కి తిరిగి చూడలేదు. బావ రెండేళ్లుగా మందులు వాడుతున్నాడు. ఆ సంగతి అక్కకూ నాకూ డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు.

డంపరు పని ఎలా నడుస్తుందో ముందు చెప్పాలి. గని అడుగున షావెల్ ఉంటుంది. పెద్ద బకెట్‌తో బొగ్గునూ మట్టినీ ఎత్తి పోసే యంత్రం అది. డంపర్లు ఒకదాని వెనక ఒకటి దాని దగ్గరికి వస్తాయి. షావెల్ ఆపరేటరు ఒక హారన్ కొడితే వెనక్కి వచ్చి బకెట్ కింద నిలబడాలి. రెండు కొడితే బండి నిండింది, పోవాలి. డంపరు నడిపేవాడికి బకెట్ కనిపించదు, హారనే ఆధారం. షావెల్ మీద ఉన్నవాడు ఎవరి బండి నింపాలో, ఎవరిని ఆపాలో కాగితం మీద ఎక్కడా రాసి ఉండదు. తాగి వచ్చినవాడిని, తనకు నమ్మకం లేనివాడిని అతను పిలవడు. బకెట్ తిప్పి పక్క బండికి పోస్తాడు. ఆఫీసరు కూడా దాని గురించి అడగడు. అది మా గని పద్ధతి.

రెండేళ్ల క్రితం ఒక పొద్దుటి షిఫ్టులో రెండు హారన్లు మోగాయి. బావ బండి కదల్లేదు. మళ్లీ మోగాయి, మళ్లీ కదల్లేదు. వెనక బండ్లు ఆగిపోయాయి. "హారన్ ఇనబడ్డది. కాలు లేవలే" అని బావ తర్వాత నాతో చెప్పాడు. క్యాబిన్‌లో ఏడుస్తూ కూర్చున్నాడు. అప్పటికి చాలా రోజులుగా నిద్ర లేదట. డాక్టరు డిప్రెషన్ అని రాసి, బండికి దూరంగా ఉండమన్నాడు. నాలుగు నెలలు ఇంట్లో ఉండాల్సి వచ్చింది. గనిలో, వాడలో ఏం చెప్పాలని అక్క, నేను కూర్చుని ఆలోచించాం. గుండె అంటే భయపడతారు. వెన్ను అంటే ఎక్స్‌రే అడుగుతారు. చివరికి కామెర్లు అని చెప్పాం.

అది తప్పు లెక్క అయింది. వెన్నునొప్పి అని ఉంటే ఎవరి పనిలో వాళ్లుండేవాళ్లు. కామెర్లకు మాత్రం మా వాడలో ప్రతి ఇంట్లో ఒక వైద్యం ఉంది. బావకు నాలుగు నెలలు నూనె బంద్, కారం బంద్, మాంసం బంద్. ఎవరైనా చూస్తారని అక్క ఇంట్లో చేప కూడా వండలేదు. పక్క గల్లీలో ఉండే కాకమ్మ రోజూ పొద్దున్నే నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి స్టీలు గ్లాసులో తెచ్చేది. బావ తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్లేది. ఆ కాకమ్మ భర్తే బావ షిఫ్టులో షావెల్ ఆపరేటరు. వరసకు ఏమీ కాడు, అందరికీ కాకా.

నాలుగు నెలల తర్వాత డాక్టరు సరేనన్నాడు. బావ మళ్లీ సీటెక్కాడు. మందులు సాగుతూనే ఉన్నాయి. కామెర్లు తగ్గినందుకు కాకమ్మకు వాడలో మంచి పేరు వచ్చింది.

ప్రచారంలో నా మొదటి పని తెలుగు పోస్టరు. తల పట్టుకుని కూర్చున్న ఒక మనిషి బొమ్మ, కింద నేను రాసిన రెండు వాక్యాలు. గని కాంటీను గోడకు అంటించి పక్కన నిలబడ్డాను. మా తెలుగువాళ్లు వచ్చి చూశారు. మాట్లాడేది తెలుగే అయినా అక్షరాలు వచ్చినవాళ్లు దాదాపు లేరు. ఒకతను బొమ్మను బాగా చూసి అడిగాడు: "తమ్మీ, ఈ తలనొప్పి గోలీ మెడికల్ల దొరుకుతదా, కాంటీన్లనే ఇస్తరా?"

పోస్టరు తీసేశాం. మాటలను ఫోనులో రికార్డు చేసి వినిపించడం మొదలుపెట్టాం. ఇక్కడి తెలుగుకు అచ్చు పనికిరాదు, గొంతు కావాలి అని ఢిల్లీకి రాశాను. ఒప్పుకున్నారు.

రెండో పని ప్రశ్నావళి. మానసిక జబ్బు ఉన్న మనిషి పక్కన కూర్చుంటారా, ఇల్లు అద్దెకిస్తారా, కలిసి పనిచేస్తారా, ఇలాంటివి పది. షిఫ్టు బస్సు కోసం నిలబడినవాళ్లను అడిగాను. కాకా అరచేతిలో ప్లాస్టిక్ పన్ని మీద ఖర్రా నలుపుతూ ఉన్నాడు. సుపారీ, పొగాకు, సున్నం కలిపి నలిపే ఆ ఖర్రా లేకుండా మా దగ్గర ఏ మాటా ముందుకు సాగదు.

"కాకా, దిమాగ్ బీమారీ ఉన్న మనిషితోని కలిసి పని చేస్తవా?"

"ఎందుకు చెయ్య? మనిషే గద."

"ఇల్లు కిరాయకిస్తవా?"

"నాకే రెండర్రలు. అయినా ఇస్త, రాస్కో."

"పక్కన కూసుంటవా?"

"అరె, అన్నిటికి అవునని రాస్కోరా బాబూ. బస్సొచ్చింది."

అందరూ ఇలాగే చెప్పారు. కాగితాల ప్రకారం మా గనిలో చిన్నచూపు అన్నదే లేదు. మేడమ్ ఫోను చేసి, ఇంత మంచి ఊరు దేశంలో ఇంకోటి లేదని నవ్వింది. మరి అక్క ఇంట్లో చేప ఎందుకు వండలేదో నాకు తెలుసు. ప్రశ్నలు పని దగ్గరికి వెళ్లడం లేదని ఆమెతో అన్నాను. ఇక్కడ అడగాల్సింది "కలిసి పనిచేస్తారా" అని కాదు, "అతని బండిని బకెట్ కిందికి పిలుస్తారా" అని. బస్సు డిపోలో అయితే అతను స్టీరింగ్ పట్టిన బస్సులో మీరు టికెట్లు కొడతారా అని. హోటల్లో అయితే అతను కలిపిన పిండితో మీరు రొట్టె కాలుస్తారా అని. ప్రతి పనికీ దాని ప్రశ్న వేరే ఉండాలి. ఇదంతా రాసి పంపు అని మేడమ్ అంది.

నేను పంపిన ఆ పేజీని తర్వాత దేశమంతా వాడే పుస్తకంలో చేర్చారు. కానీ అంతకుముందే ఆమె ఇంకో మాట అడిగింది. ప్రతి ఊళ్లో ఒక మనిషి లేచి, నాకు ఈ జబ్బు వచ్చింది అని తన నోటితో, తన భాషలో చెప్పాలి. పోస్టర్లన్నిటికంటే అదే పనిచేస్తుందని వాళ్ల అనుభవమట. చంద్రపూర్‌లో తెలుగులో ఎవరు చెబుతారు?

నేను ఎవరి పేరూ ఇవ్వలేదు. ఆ సాయంత్రం అక్క ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే బావే అన్నాడు, "నేను చెప్త" అని.

అక్క చపాతీల పిండి మీంచి తలెత్తింది. "ఏం చెప్తవ్?"

"నాకైన సంగతి."

"బోర్డు ముందలున్నది. సీటు పోగొట్టుకునేతందుకు ముహూర్తం మంచిగనే చూసుకున్నవ్."

"బోర్డుల డాక్టరు అడుగుతడు, ఏం గోలీలు మింగుతున్నవని. దాచి దొరికితె దొంగనయిత. ముందుగాలనే చెప్తె రోగినయిత. దొంగకు సీటియ్యరు. రోగికి ఇయ్యొచ్చు."

"ఇయ్యొచ్చు అని నీకెవడు చెప్పిండు?"

"ఎవడు చెప్పలే. ఇయ్యరని గూడ ఎవడు చెప్పలే గద."

"బోర్డుకు చెప్పు, నేనొద్దన్న. కాంటీన్ల మైకు పట్టుకొని ఎందుకు? ఊరంత దెలుస్తది. రేపు పిల్లలను బడిల ఏమంటరో సోంచాయించినవా?"

బావ చపాతీ పీట పక్కకు వచ్చి కూర్చున్నాడు. "బోర్డు ఫిట్ అన్నా బకెట్ కిందికి పిలిచేది బోర్డు గాదు. ఆళ్లకు నా నోట్ల నుంచే దెలువాలె. ఇంకొకని నోట్లకెళ్లి దెలిస్తె అయిపాయె."

అక్క నా వైపు తిరిగింది. "ఇదంత నీ పుణ్యమేనా? నీ ఢిల్లీ మేడముకు ఇంకెవ్వడు దొరకలేదా?"

ఆమె ఇంకో ముద్ద తీసుకుని గట్టిగా ఒత్తింది. ఆ రోజు చపాతీలు చాలా పలచగా వచ్చాయి.

డాక్టరును అడిగాం. బండి నడపడానికి ఇప్పుడు అడ్డేమీ లేదని, కావాలంటే బోర్డుకు రాసిస్తానని అన్నాడు. మైకు ముందు మాట్లాడటం మాత్రం నీ ఇష్టం, ఎవరూ నెట్టొద్దు అన్నాడు. మేడమ్ కూడా చివరి నిమిషంలో వద్దనుకున్నా ఫరవాలేదని రెండుసార్లు చెప్పింది. నేను బావ కోసం అర పేజీ రాశాను. తెలుగు మాటలే, దేవనాగరి అక్షరాల్లో. "మానసిక అనారోగ్యం కూడా మిగతా అనారోగ్యాల వంటిదే" అని మొదలవుతుంది.

షిఫ్టు మారే సమయంలో కాంటీను నిండింది. ఒక షిఫ్టు దిగుతోంది, ఇంకో షిఫ్టు ఎక్కాలి. అందుకే ఆ వేళ ఎంచుకున్నాం. మరాఠీలో కౌన్సెలరు మాట్లాడాడు, హిందీలో మేడమ్ మాట్లాడింది. జనం టీ తాగుతూ మర్యాదగా విన్నారు. తర్వాత బావ లేచాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు కామెర్లు రాలే" అన్నాడు.

తెలుగువాళ్లు కూర్చున్న బల్లల దగ్గర చప్పుడు ఆగింది. తెలుగు రానివాళ్లు పక్కవాళ్లను "కాయ్ ఝాలం? కాయ్ మ్హణతోయ్?" అని అడగసాగారు. ఏమైంది, ఏమంటున్నాడు అని.

బావ చెప్పాడు. నిద్ర రాకపోవడం, హారన్ విన్నా కాలు లేవకపోవడం, క్యాబిన్‌లో ఏడవడం, డాక్టరు, గోలీలు. గోలీలు ఇప్పటికీ మింగుతున్నానని చెప్పాడు. త్వరలో బోర్డుకూ ఇదే చెబుతానన్నాడు. నేను రాసిన వాక్యం ఒక్కటీ వాడలేదు.

ముందు లేచింది కాకా. ముఖం ఎర్రగా ఉంది.

"అయితె గా పసరు?"

"ఏ పసరు కాకా?"

"ఏ పసరు అంటున్నవా? నాలుగు నెలలు నా ఇంటామె పొద్దున లేచి పొలం గట్లు పట్టుకొని నేల ఉసిరి కోసం తిరిగింది. దంచి దంచి రోలరగగొట్టింది. తాగినవా, పారబోసినవా?"

"తాగిన. ఒక్కనాడు గూడ పారబొయ్యలే. కాకమ్మ పొయ్యనిస్తదా?"

"ఎట్లుండె?"

"యిషం లెక్కుండె."

బల్లల దగ్గర నవ్వు పుట్టింది. ఒకతను వెనక నుంచి, "కాకా, కామెర్లు లేనోనికి కామెర్లు తగ్గగొట్టింది గదనే కాకమ్మ, దవఖాన పెట్టియ్యు" అన్నాడు. నవ్వు పెద్దదైంది. బావ కూడా నవ్వాడు. కాకా నవ్వలేదు. "నన్ను ఎర్రోన్ని జేసిండ్రు" అని గ్లాసు బల్ల మీద పెట్టి బస్సు వైపు వెళ్లిపోయాడు.

మేడమ్ నన్ను పక్కకు పిలిచి, ఆయన ఎందుకు కోపం తెచ్చుకున్నాడు, జబ్బు గురించేనా అని అడిగింది. జబ్బు గురించా, అబద్ధం గురించా నాకు తెలియలేదు. తెలియదనే చెప్పాను.

మర్నాడు షిఫ్టు ఆఫీసరు బావను పిలిచి, బోర్డు తేలేదాకా వర్క్‌షాపులో ఉండమన్నాడు. బావ మా దగ్గరికి వచ్చి ఎయిర్ ఫిల్టర్లు దులిపాడు, నట్లు సైజుల వారీగా డబ్బాల్లో వేశాడు. ఆ వారాల్లో ఇద్దరు మనుషులు వేర్వేరు రోజుల్లో, ఏదో పనున్నట్టు వచ్చి, ఆ డాక్టరు ఏ రోజు కూర్చుంటాడని బావను మెల్లగా అడిగి వెళ్లారు. వాళ్ల పేర్లు బావ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కాకమ్మ మా అక్క ఇంటికి రావడం మానేసింది. దారిలో కనబడితే పలకరింపు ఉంది, నిలబడటం లేదు. "నేనే పోయి చెప్పాలె" అని అక్క చాలాసార్లు అంది. ఒక రోజు వెళ్లింది. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ఒక చిక్కుడుకాయల సంచి ఉంది.

బోర్డు రోజున బావ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం, మందుల చీటీలు తీసుకెళ్లాడు. లోపల చాలాసేపు ఉంచారట. ఏం గోలీలు, ఎంత మోతాదు, నిద్ర ఎన్ని గంటలు, అన్నీ అడిగారట. చివరికి ఫిట్ అన్నారు. షరతులు రెండు: ఆరు నెలలు రాత్రి షిఫ్టు లేదు, మూడు నెలలకోసారి తనిఖీ. కొత్తగా కలిపిన వరసలో బావ పేరు వచ్చింది.

అక్కకు ఫోనులో చెబితే, "బోర్డు అన్నది. ఇగ బకెట్ ఏమంటదో సూడు" అంది.

బావ మళ్లీ సీటెక్కిన రోజు నేను గని అడుగునే ఉన్నాను. నీళ్లు చల్లే ట్యాంకరుకు పైపు పగిలింది, దాన్ని మార్చే పని నాది. షావెల్ మీద కాకా. వరసలో ఐదు డంపర్లు, బావది మూడోది. మొదటి రెండు బండ్లూ నిండి పోయాయి. బావ వంతు వచ్చింది. బండి వెనక్కి తిప్పి, హారన్ కోసం నిలబడ్డాడు.

హారన్ రాలేదు. షావెల్ బకెట్ అవతలి వైపుకు తిరిగింది. ఒక హారన్ మోగింది. అది నాలుగో బండికి. ఆ బండి నడిపేవాడు బావ వైపు ఒకసారి చూసి, వెనక్కి వెళ్లి నింపుకున్నాడు. తర్వాత ఐదోది. అంతలో పైకి వెళ్లిన మొదటి బండి తిరిగి వచ్చింది. దాన్ని కూడా పిలిచాడు. రెండోదాన్ని కూడా.

నా చేతిలో స్పానరు ఉంది, పని చేయడం లేదు. బావ క్యాబిన్ అద్దం మీద ఎండ పడి, లోపల మనిషి కనిపించలేదు. బండి ఇంజను నడుస్తూనే ఉంది. అతను హారన్ కొట్టలేదు. తలుపు తీయలేదు. దిగి అడగలేదు. రెండేళ్ల క్రితం ఆగిన రోజున కూడా బయటి నుంచి చూస్తే ఇలాగే ఉండి ఉంటుందని అనుకున్నాను. వెళ్లి చూడాలా అనిపించింది. నడుస్తున్న బండ్ల మధ్యకు వెళ్లడం నిబంధనలకు విరుద్ధం. వెళ్లలేదు.

నాలుగో బండి, ఐదో బండి మళ్లీ నిండి పోయాయి. అప్పుడు షావెల్ మీది నుంచి ఒక హారన్ వచ్చింది. వరసలో ఆ క్షణాన ఇంకో బండి లేదు. బావ బండి వెనక్కి జరిగి బకెట్ కింద నిలబడింది. బకెట్ ఐదుసార్లు పడింది. రెండు హారన్లు మోగాయి. బండి వెంటనే కదిలింది.

షిఫ్టు దిగాక రెస్ట్ షెడ్డులో కాకా ఖర్రా నలుపుతుంటే, పక్కన బావ ఉండగానే నేను అడిగాను.

"కాకా, పొద్దున బావను ఎందుకు ఆపినవ్?"

"చూసిన."

"ఏం చూసినవ్?"

"ఆపితె ఏం జేస్తడో చూసిన. గాబరగాబర హారన్ కొడ్తడా, దిగి ఉరికొస్తడా, ఏడుస్తడా అని. ఏం జెయ్యలే. మంచిగనే ఉన్నడు. అందుకే పిలిచిన." పన్ని విప్పి నాకు చాపాడు. నేను తినను. బావ చెయ్యి పెట్టి చిటికెడు తీసుకున్నాడు.

ఇంట్లో అక్కతో చెబితే, కాకా మాట మొత్తం విని అంది: "గట్లయితె మిగిలిన నలుగురిని గూడ ఆపి చూడాలె గద. ఆళ్లు దిగి ఉరికొస్తరో లేదో ఆయనకెట్ల దెలుసు?"

బావ ప్లేటు ముందుకు జరుపుకుంటూ, "పిలిచిండు గద. నడువనియ్యి" అన్నాడు.

"నువ్వు నడుపు. నేను నడువనియ్య" అంది అక్క.

ఆ వారం మేడమ్ నివేదిక అడిగింది. చంద్రపూర్‌లో ఫలితం ఏమిటి, విజయమా కాదా, ఒక వాక్యంలో రాయమంది. బావ ఫోటో కూడా కావాలంది. ఫోటోకు బావ ఒప్పుకోలేదు, నేను బలవంతం చేయలేదు. వాక్యం రాయడానికి కూర్చున్నాను. విజయం అని రాస్తే అక్క ఒప్పుకోదు, కాదు అని రాస్తే బావ ఒప్పుకోడు. కాబట్టి ట్రిప్పుల లెక్క రాసే ట్యాలీ వాడిని అడిగి, ఆ మొదటి రోజు లెక్క మాత్రం పంపాను. ఆ షిఫ్టులో మిగతా నాలుగు డంపర్లు తలా పదమూడు ట్రిప్పులు వేశాయి. బావది పదకొండు.